కూకట్‌పల్లి మూడో అంతస్తులో మొదటి రీఫ్ ట్యాంకు పెడుతున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిగాజు (కూకట్‌పల్లి) · ఫిబ్రవరి 6

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్ళుగా మంచినీటి మొక్కల ట్యాంకు నడుపుతున్నాను. ఇప్పుడు పగడాలతో ఉప్పునీటి ట్యాంకు పెట్టాలని గట్టిగా అనుకున్నాను. ఇంట్లోవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. హాల్లో కిటికీ పక్కన 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు పెడదామని ఆలోచన. బడ్జెట్ లక్షన్నర దాకా పెట్టగలను, అంతకు మించి కుదరదు.

మూడు విషయాలు చెప్పండి. ఎల్‌ఈడీ లైటు ఏది తీసుకోవాలి? నెల రోజులుగా రాత్రిళ్ళు కూర్చుని లైట్లే చూస్తున్నాను, ఒక్కోటి ముప్పై వేల పైనే ఉంది. ఇంట్లో తాగే నీళ్ళకున్న ఆర్‌వో సరిపోతుందా? మూడోది, మా బావమరిది వచ్చే వారం రామేశ్వరం వెళ్తున్నాడు, ఒడ్డున చచ్చిన పగడపు రాళ్ళు దొరుకుతాయట, ఒక బస్తా తెస్తానన్నాడు. వాటిని నేరుగా ట్యాంకులో వేసుకోవచ్చా, ఉడకబెట్టాలా?

ఉప్పుటేరు (విశాఖపట్నం) · ఫిబ్రవరి 6

నీలిగాజు గారూ, మిగతావి తర్వాత, ముందు మీ బావమరిదికి ఫోన్ చేసి ఆ రాళ్ళు ముట్టుకోవద్దని చెప్పండి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే చట్టం దృష్టిలో పులి ఎంతో పగడమూ అంతే. నల్ల పగడం, సీ ఫ్యాన్, ఆర్గన్ పైప్ పగడం కూడా అందులోనే ఉన్నాయి. బతికున్నదా చచ్చినదా, నీళ్ళలోదా ఒడ్డుదా అన్న తేడా లేదు. దొరికితే కనీసం మూడేళ్ళ జైలు. రామేశ్వరం పక్కనే మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ వనం ఉంది, 21 దీవులు, 1986లో ప్రకటించారు, కాబట్టి అక్కడ నిఘా కూడా ఉంటుంది. పాపం తెలియక సంచిలో వేసుకుని వచ్చేవాళ్ళే ఎక్కువగా దొరికిపోతారు.

చట్టం ఒక్కటే కాదు. ఆ చచ్చిన రాతి మీదే కొత్త పగడం పిల్ల అతుక్కుని పెరుగుతుంది. మనం పగడాల మీద ప్రేమతో ట్యాంకు పెడుతూ వాటి పునాది రాయిని ఎత్తుకురావడం నాకు మనసొప్పదు.

రాళ్ళకు వేరే దారి ఉంది. కాల్చిన మట్టితో రీఫ్ కోసమే చేసిన సిరామిక్ రాళ్ళు దొరుకుతాయి, లోపలంతా సన్నటి రంధ్రాలుంటాయి, బ్యాక్టీరియా కాపురం పెట్టడానికి అవి చాలు. మీ ట్యాంకుకు 18 నుంచి 20 కిలోలు సరిపోతాయి.

లైటు గురించి ఇప్పుడే ఆలోచించకండి, అది చివర కొనాల్సిన వస్తువు. మన దగ్గర రీఫ్ ట్యాంకు పోయేది లైటు వల్ల కాదు. వేడి, కరెంటు, నీళ్ళు, ఈ మూడింటి వల్ల. డబ్బు ముందు వాటికి పెట్టండి.

సంపు_మేస్త్రి (విజయవాడ) · ఫిబ్రవరి 7

ఉప్పుటేరు అన్న చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను, బరువు. మీరన్న 4×2×2 అంటే 16 ఘనపుటడుగులు, దగ్గర దగ్గర 450 లీటర్లు. అద్దం, రాళ్ళు, స్టాండు, కింద సంపు (స్టాండు లోపల పంపు, ఫిల్టర్లు ఉండే రెండో చిన్న ట్యాంకు) కలిపితే 700 కిలోలు దాటుతుంది. ఇళ్ళ శ్లాబుని మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువుకి లెక్కగట్టి వేస్తారు. అది గది మొత్తానికి సగటు లెక్క కాబట్టి ఒక మూల కొంచెం ఎక్కువ బరువు పడితే వెంటనే ఏదో అయిపోదు గానీ మూడో అంతస్తులో హాలు మధ్యలో అంత బరువు మాత్రం నేను పెట్టను. 3 అడుగుల పొడవు, 2 వెడల్పు, ఒకటిన్నర ఎత్తుకి రండి. 255 లీటర్లు వస్తుంది, 10 మి.మీ. అద్దం సరిపోతుంది, మొత్తం 400 కిలోల దగ్గర్లో ఉంటుంది. బీము వెళ్ళే గోడకి ఆనించి, స్టాండు పొడవు బీముకి అడ్డంగా కాకుండా గోడ వెంట వచ్చేలా పెట్టండి. మీ బిల్డింగు డ్రాయింగు దొరికితే ఒకసారి స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించడం మంచిది. కిటికీ పక్కన మాత్రం వద్దు, మధ్యాహ్నం ఎండ పడితే ఏప్రిల్‌లో మీ చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) ఆగకుండా తిరుగుతుంది.

సంపు కట్టించేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పై ట్యాంకులో నీళ్ళు ఓవర్‌ఫ్లో అంచు దాకా కిందికి దిగుతాయి. మీ సైజులో ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు. రిటర్న్ గొట్టం నోరు నీళ్ళలో లోతుగా ఉంటే సైఫన్ పట్టి ఇంకా లాగేస్తుంది. అందుకని గొట్టం నోరు నీటి మట్టానికి దగ్గరగా పెట్టండి, సంపులో కనీసం 40 లీటర్లకి ఖాళీ ఉంచండి. నీళ్ళు నింపిన మొదటి రోజే పంపు ప్లగ్గు పీకి చూడండి. ఐదుసార్లు పీకండి. నేల తడవకపోతేనే ఉప్పు కలపండి.

కరెంటు పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఆ పాయింటుకి విడిగా 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తింగు తప్పనిసరి. ఉప్పు నీళ్ళలో చెయ్యి పెట్టేది మీరే, రేపు మీ పిల్లలు కూడా పెడతారు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా కింద పడుతుంది. స్విచ్చు బోర్డు స్టాండు లోపల పెట్టవద్దు, ఉప్పు తుంపర పట్టి ఏడాదిలో పచ్చగా చిలుము పట్టేస్తుంది.

నీలిగాజు · ఫిబ్రవరి 7

ఉప్పుటేరు గారూ, రాత్రే బావమరిదికి చెప్పేశాను. అతనికీ తెలియదట, భయపడిపోయాడు. మేస్త్రి గారూ, 3×2×1.5 ఖాయం చేస్తున్నాను, గోడ కూడా మార్చాను.

నీళ్ళ సంగతి చెప్పండి. మాకు బోరు నీళ్ళు, మంజీరా నీళ్ళు కలిపి వస్తాయి. ట్యాంకరు వచ్చిన రోజు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) 900 కూడా చూపించింది. ఇంటి ఆర్‌వో తర్వాత 60 చూపిస్తోంది. 60 అంటే తక్కువే కదా?

డాలస్_రీఫ్ (టెక్సస్) · ఫిబ్రవరి 8

తమ్ముడూ, తాగడానికి 60 బ్రహ్మాండం. పగడానికి మాత్రం ఆ 60లో ఏముందో తెలియదు కదా, అదే సమస్య. ఫాస్ఫేటు ఉండొచ్చు, సిలికేటు, నైట్రేటు, రాగి ఏదైనా ఉండొచ్చు. పైగా తాగే ఆర్‌వోలు రుచి కోసం మినరల్స్ మళ్ళీ కలుపుతాయి, లేదా కొంచెం పచ్చి నీళ్ళు కలిపే స్క్రూ ఒకటి ఉంటుంది. రోజూ ఆవిరైన నీళ్ళ బదులు అవే పోస్తూ ఉంటే ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, అందులో ఉన్నదంతా ట్యాంకులోనే పోగవుతుంది. ఆరు నెలలకి పచ్చటి జుట్టు నాచు రాళ్ళన్నీ కప్పేస్తుంది, అప్పుడు లైటు మీద, చేపల మేత మీద అనుమానం వస్తుంది.

విడిగా ఆర్‌వో, దాని తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలని కూడా పట్టేసే గుళికలు) గొట్టం పెట్టు. బయటికి వచ్చే నీళ్ళు టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించాలి, 1 వచ్చిందంటే రెజిన్ మార్చే రోజు వచ్చినట్టే. మీ నీళ్ళు గట్టివి కాబట్టి మెంబ్రేను ముందు సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు సమయానికి మార్చకపోతే రెజిన్ నెలకే అయిపోతుంది, రెజిన్ చవక కాదు.

రీఫ్ కోసం అమ్మే ఉప్పు లీటరుకు సుమారు 36 గ్రాములు పడుతుంది. సంపుతో కలిపి నీ దగ్గర అసలు నీళ్ళు 250 లీటర్లు అనుకుంటే మొదటి నింపుకి 9 కిలోలు. పాతిక డిగ్రీల దగ్గర ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35), స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోల్చిన సాంద్రత) 1.026 దగ్గర ఉండాలి. కొలవడానికి రిఫ్రాక్టోమీటరు కొను. దాన్ని సున్నా టీడీఎస్ నీళ్ళతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచెయ్యాలి. నేను మొదటి ఏడాదంతా సున్నాతో సరిచేసి 35 అనుకుంటూ 31లో నడిపాను. నత్తలు ఒక్కొక్కటీ చచ్చిపోతుంటే మందులు వేశాను గానీ మీటరుని అనుమానించలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రుషికొండ_అల (విశాఖపట్నం) · ఫిబ్రవరి 9

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేనూ వైజాగే. ఉప్పుకి అంత ఖర్చెందుకు, ఇంటి నుంచి సముద్రం పది నిమిషాలు. ఆ నీళ్ళే క్యాన్లలో తెచ్చుకుంటే సరిపోదా?

ఉప్పుటేరు · ఫిబ్రవరి 9

నేనూ మొదట అదే చేశానండి, రెండేళ్ళు. ఎండాకాలంలో బాగానే నడిచింది. బంగాళాఖాతం మామూలు సముద్రం కాదు. వానాకాలం తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి నీళ్ళన్నీ వచ్చి పైన తేలతాయి, అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ తేలిక నీరు మన తీరం వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. ఆ రోజుల్లో ఒడ్డున ముంచిన నీళ్ళలో ఉప్పదనం పగడానికి కావలసిన దానికంటే బాగా తక్కువ ఉంటుంది, పైగా మట్టి. మన ఆంధ్ర తీరంలో లక్షద్వీప్, అండమాన్‌లలో ఉన్నట్టు పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ఈ మట్టి, మంచినీరు పెద్ద కారణాలు. సముద్రం తానే పెంచని చోట ఆ నీళ్ళతో మనం ఇంట్లో పెంచబోతున్నామన్నమాట.

తేవాలనే అనుకుంటే ఫిబ్రవరి నుంచి మే లోపల, హార్బరుకీ మురుగు కాలువలకీ దూరంగా, పడవ మీద లోపలికి వెళ్ళి తేవాలి. వడకట్టి, చీకట్లో రెండు వారాలు నిలవ ఉంచి, ఉప్పదనం కొలిచి వాడాలి. ఇంత కష్టం చూశాక నేను డబ్బా ఉప్పుకే మారిపోయాను.

నీలిగాజు · ఫిబ్రవరి 10

చాలా నేర్చుకుంటున్నాను. ఇక వేడి సంగతి. మా హాల్లో మేలో ఫ్యాను కింద కూడా 36 ఉంటుంది. చిల్లర్ రేటు చూస్తే గుండె ఆగినంత పనైంది, పాతిక వేల పైన చెబుతున్నారు. ఫ్యాన్లతో సరిపెట్టుకోలేనా?

ఉప్పుటేరు · ఫిబ్రవరి 10

దీనికి హైదరాబాద్‌లో ఒక జవాబు, వైజాగ్‌లో ఒక జవాబు. ఎండాకాలం కూలరు మీ ఊళ్ళో చల్లగా కొడుతుంది, మా ఊళ్ళో జిడ్డు చెమట తప్ప ఏమీ రాదు కదా, ఇదీ అంతే. నీటి మీద ఫ్యాను కొడితే నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. గాలి పొడిగా ఉంటేనే ఆవిరి. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీలున్నా గాలి ఎండిపోయి ఉంటుంది, నాలుగు చిన్న ఫ్యాన్లు సంపు మీద, ట్యాంకు మీద పెడితే నీళ్ళు 27, 28కి దిగుతాయి. మా దగ్గర 34 డిగ్రీలే, కానీ తేమ 70 శాతం, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా 29 దగ్గర ఆగిపోతుంది. మాకు చిల్లరో ఏసీయో లేకుండా కుదరదు.

మీరు ఈ ఏడాది ఫ్యాన్లతో మొదలుపెట్టొచ్చు. 26.5 దగ్గర తిరగడం మొదలయ్యేలా థర్మోస్టాట్ కట్టండి. జూన్‌లో తేమ పెరిగాక ఫ్యాను పని తగ్గుతుంది, అప్పుడు ఏసీ గదైతే ఇబ్బంది ఉండదు. చిల్లర్ కొంటే పావు హెచ్‌పీ చాలు, దాని వేడి గాలి బయటికి పోయేలా బాల్కనీ వైపు పెట్టండి, హాల్లోనే పెడితే అది వదిలిన వేడిని అదే మళ్ళీ చల్లార్చాలి.

ఫ్యాన్లు పెడితే రోజుకి ఐదారు లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. 250 లీటర్లలో రోజుకి 5 లీటర్లు పోతే మూడు రోజుల్లో 35 ఉన్న ఉప్పదనం 37 దాటుతుంది. అందుకని నీటి మట్టం తగ్గగానే సున్నా టీడీఎస్ నీళ్ళు పోసే ఆటో టాప్ ఆఫ్ కొనండి. లైటు కంటే ముందు ఇది కొనండి. టాప్ ఆఫ్‌లో ఉప్పు నీళ్ళు పొయ్యకూడదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

వేడి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. సముద్రంలో మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తన ఒంట్లో ఉండే నాచుని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. ఏప్రిల్ 2024లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రపంచవ్యాప్త తెల్లబాటు నాలుగోసారి వచ్చిందని ప్రకటించింది, అదే ఏడాది మన లక్షద్వీప్ పగడాలు కూడా తెల్లబడ్డాయి. అంత సముద్రంలో ఉన్నదే తట్టుకోలేకపోయింది, మన 250 లీటర్లు మధ్యాహ్నానికే వేడెక్కిపోతాయి.

డాలస్_రీఫ్ · ఫిబ్రవరి 11

కరెంటు గురించి కూడా ఇప్పుడే ఆలోచించుకో. ఫిబ్రవరి 2021లో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి మాకు రెండు రోజులు కరెంటు లేదు. ఇంట్లోనే 6 డిగ్రీలు. ట్యాంకు చుట్టూ దుప్పట్లు కప్పాం, కారు బ్యాటరీకి చిన్న ఇన్వర్టరు తగిలించి ఒక్క వేవ్‌మేకరు (ట్యాంకులో అలలు పుట్టించే చిన్న పంపు) మాత్రం తిప్పుతూ, గ్యాస్ స్టవ్ మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి ట్యాంకులో తేలేశాం. నా భార్య రాత్రంతా రెండు గంటలకోసారి లేచి సీసాలు మార్చింది. నీళ్ళు 19కి పడిపోయాయి, కొన్ని పగడాలు పోయాయి గానీ చేపలన్నీ బతికాయి. బతికింది ఆ ఒక్క వేవ్‌మేకరు వల్లే. పైపొర కదలకపోతే ఆక్సిజన్ లోపలికి దిగదు. వేడి నీళ్ళలో ఆక్సిజన్ ఇంకా తక్కువ పడుతుంది కాబట్టి మీ ఎండల్లో కరెంటు పోతే మాకంటే త్వరగా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.

సంపు_మేస్త్రి · ఫిబ్రవరి 11

అందుకే వేవ్‌మేకరు డీసీది కొనండి, 24 వోల్టులది. ఇంటి ఇన్వర్టరు లైను మీద వేవ్‌మేకరు, ఒక ఫ్యాను ఉంటే చాలు, హీటరు, చిల్లర్, లైటు ఇన్వర్టరు మీద వద్దు. మీది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే ఏసీ పంపులు గుర్రుమని వేడెక్కుతాయి, సైన్ వేవ్ ఉండాలి.

ప్రవాహం లెక్క కూడా చెప్పేస్తాను. సంపు నుంచి పైకి వచ్చేది గంటకి ట్యాంకు నీళ్ళకి నాలుగైదు రెట్లు చాలు, వెయ్యి లీటర్ల పైన కొంచెం. లోపల అలలకి మాత్రం గంటకి 5000 లీటర్ల దాకా తిప్పే వేవ్‌మేకర్లు రెండు ఎదురెదురుగా. స్కిమ్మరు (నురగతో మలినాలు తీసే పరికరం) పెట్టె మీద రాసిన సామర్థ్యాన్ని సగానికి నమ్మండి, 500 లీటర్లని రాసినది మీ 250కి సరిపోతుంది.

నీలిగాజు · మార్చి 15

నెల రోజులు కనిపించనందుకు క్షమించండి, పనిలోనే ఉన్నాను. ట్యాంకు వచ్చింది. ప్లగ్గు ఐదు కాదు, పది సార్లు పీకాను, నేల పొడిగా ఉంది. ఆర్‌సీసీబీ బిగించారు. 18 కిలోల సిరామిక్ రాళ్ళు, అంగుళంన్నర మందం అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక వేశాను. రాళ్ళు ముందు గాజు మీద ఆనించి తర్వాత ఇసుక పోశాను.

సైకిల్ కోసం, అంటే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో స్థిరపడటానికి, సీసా బ్యాక్టీరియా, అమ్మోనియం క్లోరైడ్ వేశాను. అమ్మోనియా 2 పీపీఎం నుంచి మొదలై పదిహేను రోజులకి తగ్గింది, నైట్రైటు మాత్రం ఆకాశానికి ఉంది. నిన్నటి నుంచి ఇసుకంతా తుప్పు రంగు దుమ్ములా కప్పేసింది. మా అమ్మ చూసి ట్యాంకు పాడైపోయిందా నాన్నా అని అడిగింది. నాకూ టెన్షన్‌గానే ఉంది.

చేపలబుట్ట (బెంగళూరు) · మార్చి 15

అమ్మగారికి చెప్పండి, అంతా బాగానే జరుగుతోందని. అది డయాటమ్ అనే గోధుమరంగు సూక్ష్మ నాచు, కొత్త రాళ్ళలో ఉన్న సిలికేటు తిని పెరుగుతుంది, అది అయిపోగానే దానంతటదే పోతుంది. తర్వాత పచ్చ నాచు వస్తుంది, అప్పుడు నత్తల్ని వేయండి. ఈ రెండు మూడు నెలలు ప్రతి ట్యాంకూ వికారంగానే ఉంటుంది. చాలామంది ఇక్కడే మందులు పోసి, రాళ్ళు బయటికి తీసి తోమి, మొత్తం మళ్ళీ మొదటికి తెచ్చుకుంటారు. లైటు వెలగనివ్వకండి, వేలు పెట్టకండి. 2 పీపీఎం అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయిన రోజు సైకిల్ అయినట్టు.

ఈలోపు పక్కన ఒక 60 లీటర్ల చిన్న ట్యాంకు పెట్టండి, ఖాళీ అద్దం, ఒక స్పాంజి ఫిల్టరు, ప్లాస్టిక్ గొట్టం ముక్కలు. క్వారంటైన్‌కి. నేను ఇది లేకుండా మొదటిసారి దుకాణం నుంచి తెచ్చిన చేపని నేరుగా వేశాను. తొమ్మిదో రోజు ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. చేప మీద నుంచి రాలి ఇసుకలో, రాతి మీద గుడ్డులా అతుక్కుని, పగిలి మళ్ళీ వందలుగా చేపని వెతుక్కుంటుంది. రాగి మందు దాన్ని చంపుతుంది, కానీ రీఫ్ ట్యాంకులో రాగి వేస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ చస్తాయి. రెండు వారాల్లో నా చేపలు ఐదూ పోయాయి. చివరికి ట్యాంకుని 76 రోజులు చేపల్లేకుండా ఉంచాను, తినడానికి చేప దొరక్క ఆ జీవి పోయేదాకా. రోజూ పొద్దున్నే లేచి ఖాళీ ట్యాంకు చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీకు ఆ రోజులు రాకూడదని చెబుతున్నాను.

మొదటి చేపలుగా క్లౌన్ చేపల జంట తీసుకోండి. సముద్రంలో పట్టినవి వద్దు, హేచరీలో పుట్టినవే అడగండి. మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ చేపల్ని పిల్లలు పెట్టించే పద్ధతి ఎప్పుడో నిలబెట్టారు, హేచరీ పిల్లలు మన దేశంలోనే దొరుకుతున్నాయి. అవి గుళికల మేత తింటాయి, జబ్బులు తక్కువ.

నీలిగాజు · ఏప్రిల్ 20

సైకిల్ ఏప్రిల్ 2కి అయింది. హేచరీ క్లౌన్ పిల్లలు రెండు క్వారంటైన్‌లో ఉన్నాయి, బాగా తింటున్నాయి. ఇప్పుడు లైటు కొన్నాను, ముప్పై వేలది కాదు, పదకొండు వేలది. మెత్తటి పగడాలకి ఇది సరిపోతుందా? ఏవి తీసుకోవాలి? దుకాణంలో హ్యామర్, అక్రోపొరా కూడా చూపించారు, ఇండోనేషియా నుంచి వచ్చాయి, ఏమీ కాదు అన్నారు.

ఉప్పుటేరు · ఏప్రిల్ 20

హ్యామర్, అక్రోపొరా, బ్రెయిన్ ఇవన్నీ గట్టి పగడాలే. చట్టంలో గట్టి పగడాల జాతులన్నీ అని ఉంది కాబట్టి ఏ దేశం నుంచి వచ్చిందన్న మాట మిమ్మల్ని కాపాడదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక విదేశీ జాతులకి కూడా నమోదు నియమాలున్నాయి. కాగితం చూపించలేని దుకాణంలో ఏ జీవినీ కొనకండి. సముద్ర గుర్రం జోలికీ పోవద్దు.

మష్రూమ్, లెదర్, జోవాంథిడ్, ఈ మెత్తటి పగడాలు చాలు. అందం తక్కువేమీ కాదు. లైటు కింద పార్ (పగడంలోని నాచుకి పనికొచ్చే వెలుతురు కొలత) 50 నుంచి 150 మధ్య ఉంటే వాటికి సుఖం, మీ లైటు ఎక్కువే అవుతుంది. మొదట ముప్పై శాతం మీద పెట్టి మూడు నాలుగు వారాల్లో నెమ్మదిగా పెంచండి, రోజుకి ఎనిమిది గంటలు.

చేపలబుట్ట · ఏప్రిల్ 21

జోవాంథిడ్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక, దయచేసి అందరూ చదవండి. వాటిలో, ముఖ్యంగా పాలీథోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రాణం తీసేంతది. చేతికి చిన్న గాయం ఉన్నా గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. కోసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి. అవి ఉన్న రాయిని ఎప్పుడూ వేడి నీళ్ళలో ఉడకబెట్టవద్దు, ఆవిరిలో విషం గది అంతా నిండి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు జరిగాయి. నీలిగాజు గారు మొదటి రోజు రాళ్ళు ఉడకబెట్టాలా అని అడిగారు, అప్పటి నుంచీ నాకు ఇది చెప్పాలని ఉంది. పిల్లలున్న ఇల్లయితే మొదటి ఏడాది మష్రూమ్, లెదర్ మాత్రమే పెంచండి.

నీలిగాజు · మే 12

సహాయం చేయండి, అర్జెంటు. మధ్యాహ్నం రెండింటి నుంచి కరెంటు లేదు, ఇప్పుడు ఐదున్నర. వేవ్‌మేకరు ఇన్వర్టరు మీద తిరుగుతోంది. నీళ్ళు 30.4. లెదర్ ముద్దలా ముడుచుకుపోయింది. ఐసు గడ్డలు నేరుగా వేసేయనా?

ఉప్పుటేరు · మే 12

నేరుగా వద్దు, ఉప్పదనం పడిపోతుంది. ఐసుని మూత గట్టిగా ఉన్న సీసాల్లో పెట్టి సంపులో తేలేయండి. గంటకి ఒక డిగ్రీ కంటే ఎక్కువ దింపకండి. ఇన్వర్టరు మీద ఒక ఫ్యాను ట్యాంకు పైకి తిప్పండి, మూత తీసేయండి. ఈ పూట మేత వెయ్యకండి. లెదర్ ముడుచుకోవడం దాని రక్షణ, దాన్ని కదపకండి.

నీలిగాజు · మే 12

28.6కి వచ్చింది. ఆరు ముప్పావుకి కరెంటు వచ్చింది. క్లౌన్లు రెండూ మామూలుగా తిరుగుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి నాకు. ఏం చెప్పాలో తెలియడం లేదు అన్నా, థ్యాంక్స్.

నీలిగాజు · జూన్ 29

లెదర్ నాలుగు రోజులు ముడుచుకునే ఉంది, తర్వాత పైన మైనంలాంటి పొర వదిలి మళ్ళీ విచ్చుకుంది. ఎర్ర మష్రూమ్ పక్కన ఇంకో చిన్న మష్రూమ్ పుట్టింది, అర్ధ రూపాయి బిళ్ళ అంత. అమ్మ రోజూ పొద్దున కాఫీతో అక్కడే కూర్చుంటోంది, నాకంటే ముందు ఆవిడే చూసింది.

కొలతలు: ఉప్పదనం 35, నైట్రేటు 8, ఫాస్ఫేటు 0.06, కాల్షియం 410, మెగ్నీషియం 1300. ఆల్కలినిటీ (నీళ్ళలో కార్బొనేట్ల నిల్వ, డీకేహెచ్‌లో కొలుస్తారు) మాత్రం 7.1 డీకేహెచ్‌కి పడింది, రెండు వారాల క్రితం 8.2. రాళ్ళ మీద గులాబీ రంగు పొర కూడా కనిపిస్తోంది. ఏదైనా వెయ్యాలా?

ఉప్పుటేరు · జూన్ 29

ఆ గులాబీ పొర కోరలైన్ నాచు, ఆల్కలినిటీ తింటున్నది అదే, మంచి కబురు. వారానికి పది శాతం నీళ్ళు మారుస్తుంటే ప్రస్తుతానికి అదే చాలు. ఇంకా పడితే సున్నపు తేట మొదలుపెట్టండి. కిళ్ళీ కొట్టు సున్నం కాదు, స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్, సున్నా టీడీఎస్ నీళ్ళు లీటరుకు ఒకటిన్నర గ్రాములు కలిపి, తేరుకున్నాక పైన తేట మాత్రమే. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది, చర్మానికి తగలనివ్వకండి, ఒక్కసారి పోస్తే ట్యాంకు పాలలా తెల్లబడుతుంది. రాత్రిపూట పీహెచ్ తగ్గే వేళ చుక్క చుక్కగా, ఆవిరైన నీళ్ళ స్థానంలోనే పడాలి. మొదటి వారం రోజుకి ఒక లీటరు వేసి ప్రతి రోజూ అదే సమయానికి కొలవండి. రోజుకి అర డీకేహెచ్ కంటే పెరగకూడదు.

నీలిగాజు · జూన్ 30

కాల్షియం హైడ్రాక్సైడ్ ఆర్డరు పెట్టాను. రాత్రి తొమ్మిదింటికి కొలిచి ఇక్కడే రాస్తాను. ఈ రోజుది 7.1.